తీర్పుకు ముందు నీళ్లు

రోజు విడిచి రోజు, కోడి కూసేవేళకు నేతవీధి కొళాయి దగ్గుతుంది. ఆ దగ్గు వినగానే బిందెలు వరసకొస్తాయి. బిందె నిండేదాకా హేమశ్రీ పెదవి విప్పదు. ఆ వీధిలో తెలివున్న ఆడవాళ్లంతా అంతే. కొళాయి దగ్గర ఏం మాట్లాడినా నీళ్లు పట్టుకుపోతాయి. ఎప్పుడో ఒకప్పుడు, ఎవరింట్లోనో బిందె వంచినప్పుడు, ఆ మాటలు అదే గొంతుతో అదే ఎకసెక్కెంతో బయటపడతాయి. చారు పెట్టుకుందామని వంచితే, ఏనాడో కాటికి పోయిన అత్త కోడల్ని తిట్టిన తిట్టు వంటిల్లంతా మోగుతుంది. ఏ మాట ఎప్పుడొస్తుందో బ్రహ్మకు కూడా తెలియదు.

అందుకే కాస్త కలిగినవాళ్లు క్యాన్లకు మారిపోయారు. క్యాన్ నీళ్లు మూగవి, చుట్టాల ముందర పరువు తీయవు. పైకి మాత్రం శుభ్రం కోసం అంటారు. శుభ్రమట! లోపలి మురికి ఎక్కడ బయటపడుతుందోనని గానీ, నీళ్ల మురికికి భయపడి కాదు.

మొగుడు పునీత్ పోయాక, పెరట్లో షెడ్డులో ఉన్న రెండు మరమగ్గాలూ హేమశ్రీయే నడిపింది. దారం తెగితే ముడేసింది, మోటారు కాలితే బాగు చేయించింది, మంచాన పడ్డ మామ శాంతయ్యకు అన్నం కలిపి పెట్టింది. పోయిన నెల మామా పోయాడు. పెద్దకర్మ అయిన మర్నాడే మరిది మోహన, తను ఉద్యోగం చేసే శ్రీ సిటీ నుంచి దిగాడు. షెడ్డు నాయనది కాబట్టి ఇక తనదేనట. మగ్గాలు ఇనపసామాన్ల వాడికి తూకానికి వేసేసి, ఆ చోట క్యాన్ నీళ్ల ప్లాంటు పెడతాడట.

పంచాయితీ పెట్టారు. నేతవాళ్ల పెద్దమనిషి కోదండం వచ్చి వసారాలో కూర్చున్నాడు. ఎదురింటి చంద్రకాంతమ్మ పిలవకుండానే వచ్చింది. ఆమె రాకుండా ఆ వీధిలో పీనుగ కూడా లేవదు.

నేతవాళ్లలో ఒక కట్టు ఉంది. తీర్పు చెప్పే మనిషి ముందుగా ఆ ఇంటి నీళ్లు తాగాలి. తాగకుండా చెప్పింది చెల్లదు. మోహనకు ఆ సంగతి బాగా తెలుసు. సీలు విప్పని బాటిళ్ల కట్ట ఒకటి తెచ్చి పెద్దాయన ముందు దించాడు.

"చల్లంగా ఉండాయి మామా, తాగు."

"మే హేమా, సూస్తివా?" అంది చంద్రకాంతమ్మ. "మీ మరిది నీళ్ల నోటికి కూడా మూత బిగించి తెచ్చినాడు."

"ఆరోగ్యం కోసరం అత్తా! ఆ కొళాయి పైపు యాడ పగిలిందో, ఏ కాలవ నీళ్లు కలస్తాండాయో."

"ఆ నీళ్లతోనేరా మీయమ్మ నీ ముడ్డి కడిగింది. అప్పుడు రాని రోగం ఇప్పుడొస్తాదా?"

కోదండం ఒక బాటిలు తీసుకుని మూత మీద చెయ్యేశాడు. ఆ మూత తిరిగిందంటే షెడ్డు పోయినట్టే. హేమశ్రీ చేతిలో కాగితం లేదు, సాక్షి లేడు. ఉన్నదల్లా మూలనున్న కొళాయి బిందె. అదైనా ఏం కూస్తుందో తెలియదు. ఒకసారి కోపం ఆగక తను కూడా కొళాయి దగ్గర మరిదిని తిట్టిపోసింది. అదే బయటపడినా పడొచ్చు. అయినా సరే.

"పెద్దాయనా, అవి ఈ ఇంటి నీళ్లా?"

"ఇంట్లోనే కదా పెట్టినాను వొదినా!" అన్నాడు మోహన.

"అంగట్లో కొన్నది తెచ్చి ఇంట్లో పెడితే ఇంటిదయిపోతాదా? అట్లయితే నువ్వు దిగిన ఆటో కూడా మా ఇంటిదే. పెద్దాయనా, నీళ్లకు భయపడే మనిషి తీర్పు ఎట్ల చెప్తాడు?"

కోదండం చెయ్యి ఆగింది. భయం ఆయనకూ ఉంది. ఆయన మాత్రం ఆ కొళాయి దగ్గర నోరు కట్టుకుని నిలబడ్డాడా? బాటిలు వైపు చూశాడు. బిందె వైపు చూశాడు. చివరికి బాటిలు పక్కన పెట్టేశాడు.

"వంచు తల్లీ. నా పరువు పోతే పోనీ."

హేమశ్రీ బిందె వంచింది. చెంబులో ధార పడగానే కోదండం గొంతే లేచింది. "శాంతయ్యా, మా ఆడదానికి చెప్పబాక. సుగరుండాదని అది కాకరకాయ రసం తాపిస్తాది. నేను పుత్తూరుకు పోయి మైసూరుపాకు తినేసి వస్తాండా."

చంద్రకాంతమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది. పెద్దాయన చెవులు ఎర్రబడ్డాయి. అయినా చెంబు వెనక్కి తీసుకోలేదు.

"నిండలేదు. ఇంకా వంచు."

ఈసారి బండి కడుగుతున్న చప్పుడు, దాని వెనకే మోహన గొంతు. "ఆ పాత ఇనుము నాకెందుకు నాయనా? మగ్గాలు, షెడ్డు అన్నీ వొదినకే ఇచ్చెయ్. ఆ దారాల దుమ్ములో నేను బతకను, శ్రీ సిటీకి పోతాండా." తర్వాత శాంతయ్య నిదానంగా అన్నాడు: "నువ్వే వద్దన్నాక ఇంకేముండాది? ఆమెకే ఇస్తాను."

మామ గొంతు వినగానే హేమశ్రీ బిందెను రెండు చేతులా పట్టుకుంది. ధారను తెగనివ్వలేదు.

"అది... ఎప్పుడో ఊరికే అన్న మాట," అన్నాడు మోహన.

"గొంతు నీదా కాదా? కాదంటే చెప్పు, కాణిపాకం పోదాం. ప్రమాణం చేద్దువు," అన్నాడు కోదండం.

మోహన తల వంచుకున్నాడు. "నాదే. అయినా నీళ్ల సాక్ష్యం యాడన్నా చెల్లుతాదా మామా?"

"ఈ వీధిలో పుట్టి ఆ మాట అడిగేదానికి సిగ్గు లేదా?" అంది చంద్రకాంతమ్మ.

కోదండం చెంబెత్తి గటగటా తాగి, మీసం తుడుచుకుని, గొంతు సవరించుకున్నాడు. హేమశ్రీ ఆగలేదు. కొంగు బిగించి షెడ్డులోకి నడిచి రెండు మగ్గాల స్విచ్చులూ వేసేసింది. ఇల్లంతా అదిరిపోయింది. వసారాలో పెద్దాయన పెదవులు కదులుతూనే ఉన్నాయి గానీ ఆ చప్పుడులో తీర్పు ఒక్క ముక్కైనా ఎవరికీ వినపడలేదు. మోహన బాటిళ్ల కట్ట భుజానికెత్తుకుని పోవడం మాత్రం వీధంతా చూసింది.