పేషెంటు మాస్టారు

రిజిస్టరు పోయింది సోమవారం. ఆసుపత్రి ట్రైనింగ్ సెక్షన్‌ను రెండో అంతస్తు నుంచి మెట్ల కింది గదికి మార్చినప్పుడు, పాత కాగితాలతోపాటు ఆ నల్ల అట్ట పుస్తకం కూడా తుక్కు బండి ఎక్కింది. వార్డు అటెండర్లలో ఎవరెవరు ప్రాక్టికల్ పరీక్షలో నెగ్గారో అందులోనే ఉంది. మంగళవారానికి కొత్త ట్రైనింగ్ సాఫ్ట్‌వేర్‌లో పంతొమ్మిది మంది పేర్ల ఎదురుగా ఎర్రటి అక్షరాలు వచ్చాయి: అర్హత లేదు. వచ్చే సోమవారానికి ఎర్రగా ఉన్నవాళ్లకు వార్డు డ్యూటీ పడదు.

శనివారం ఉదయం ట్రైనింగ్ మాస్టారు చెప్పులు విప్పి, ప్రాక్టీసు మంచం మీద వెల్లకిలా పడుకుని, ట్యాబు గుండెల మీద పెట్టుకున్నారు. మళ్లీ పరీక్ష పెట్టాల్సినవాళ్లు ఇంకా నలుగురు మిగిలారు.

మనిషిని మంచం మీద నుంచి స్ట్రెచరు మీదికి మార్చడం ఆ పరీక్ష. దానికి పడుకునేవాళ్లు ఒకరు కావాలి. ఎవరికీ తీరిక లేక మొదట్లో ఆయనే పడుకున్నారు, తరువాత అలాగే అలవాటైపోయింది. కళ్లు మూసుకుని పడుకుంటే చూసేవాడికి తెలియనివి తెలిసేవి. ఏ చెయ్యి తడబడుతోందో, ఎవరు తొందరలో ఉన్నారో వీపుకు తెలిసేది. పేషెంటు మాస్టారన్న పేరు అలా వచ్చింది.

"పడుకుని పరీక్ష పెట్టే మాస్టార్ని మిమ్మల్నే చూశాను," అంది హెడ్ సిస్టరు, దుప్పటి అవతలి కొస పట్టుకుంటూ. "గురక పెట్టకండి, ట్యాబు జారిపోతుంది."

"గురక వచ్చిందంటే వాడు పాసైనట్టే సిస్టరూ."

సాఫ్ట్‌వేర్‌లో పరీక్షను సిద్ధం చేయడానికి ఆయనకు రెండు రోజులు పట్టింది. ఒక్క వేలితో కొట్టుకుంటూ పోయారు. అమ్మినవాళ్లు ఇచ్చిన పట్టికలో తొమ్మిది అంశాలున్నాయి. చక్రాలకు బ్రేకు వేశారా, మంచం ఎత్తు సరిచేశారా, దుప్పటి సరిగా పట్టుకున్నారా. అన్నీ నిలబడి చూసేవే. పదోది ఆయన చేర్చారు: ఎత్తే ముందు పడుకున్న మనిషికి చెప్పారా? దాని పక్కన 'తప్పనిసరి' అన్న గడిలో టిక్కు పెట్టారు. అది తప్పితే మిగిలినవన్నీ వచ్చినా తప్పినట్టే.

ఆ తరువాత పరీక్షకుల పేరు అడిగింది. పేరు కొడితే ఒప్పుకోలేదు. ఈ పరీక్ష నెగ్గినవారే పరీక్షకులు కావాలట. నెగ్గినవాళ్లెవరూ ఇంకా లేరు. పెట్టేవాళ్లు లేకుండా మొదటివాడు ఎలా నెగ్గుతాడో కంప్యూటరు సెక్షన్‌లో ఎవరూ చెప్పలేకపోయారు. చివరికి సూపరింటెండెంటు ప్రత్యేక అనుమతి కాగితం ఇస్తే ఆ గడిలో ఆయన పేరు ఎక్కింది. మాస్టారు కాకముందు ఇరవై రెండేళ్లు ఆయనా అటెండరే. నడుము పోయాక ఈ కుర్చీ ఇచ్చారు.

మధ్యాహ్నానికి ముగ్గురు అయిపోయారు. ఇంటావిడ ఫోన్ చేసింది.

"తిన్నారా?"

"తింటున్నాను."

డబ్బా మూత తియ్యలేదు. ఎడమ భుజం లాగుతోంది. మూడు రోజులుగా ఇంతమంది లాగితే లాగకేం చేస్తుందనుకుని, గోడకు ఆనుకుని కూర్చున్నారు.

మిగిలింది మూటలమ్మ. పదకొండేళ్లు లాండ్రీలో తడి దుప్పట్ల మూటలు మోసిన మనిషి. సోడా ఆవిరికి ఊపిరి ఆడడంలేదని డాక్టరు రాసిస్తే నెల కిందట వార్డుకు మార్చారు. గురు, శుక్రవారాలు రెండూ తప్పింది. సాఫ్ట్‌వేర్ మూడుసార్లకే ఒప్పుకుంటుంది. ఇవాళ తప్పితే మళ్లీ లాండ్రీకే.

నాలుగున్నరకు వచ్చింది. బ్రేకు వేసింది, ఎత్తు సరిచేసింది, దుప్పటి అంచు ముడుచుకుని పట్టుకుంది. అక్కడ ఆగిపోయింది.

"చెప్పాలమ్మాయ్," అన్నారాయన కళ్లు తెరవకుండా.

"మూటలకి చెప్పి ఎత్తుతామా బాబాయ్? పదకొండేళ్లు నోరు మూసుకుని ఎత్తాను. ఇప్పుడు తెరుద్దామంటే రావట్లేదు."

"ఇంట్లో మాత్రం తెగ వస్తుందట. మీ ఆయన చెప్పాడు," అంది సిస్టరు.

మూటలమ్మ నవ్వలేదు. దుప్పటి అంచు వదిలి మళ్లీ పట్టుకోవడం ఆయన వీపుకు తెలిసింది. పట్టికలో ఆ టిక్కు తీసేయడం ఒక్క వేలి పని. ఆయన పెట్టిందే. వేలు ట్యాబు అంచు దాకా వెళ్లి ఆగింది.

"ఒకావిడని చెప్పకుండా ఎత్తాను, చాన్నాళ్ల కిందట. ఉలిక్కిపడి నన్ను పట్టుకోబోయి కింద పడింది. తుంటి విరిగింది. నెల రోజులు నేనే అన్నం తినిపించాను. ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది."

మూటలమ్మ మంచం మీదికి వంగింది.

"బాబాయ్," అంది మూటలమ్మ. "నా చెయ్యి మీ భుజం కింద పెడుతున్నాను. ఇప్పుడు ఇటు లాగుతాం, నేనూ సిస్టరూ. భయపడకండి. పట్టుకునే ఉన్నాను."

మంచం ఎక్కడ అయిపోయిందో, స్ట్రెచరు ఎక్కడ మొదలైందో ఆయన వీపుకు తెలియలేదు. ఇన్నేళ్లలో అలా జరగడం రెండోసారో మూడోసారో.

"బాగుందమ్మాయ్. చాలా బాగుంది."

"అయితే పాసేనా?"

"నేను నొక్కుతాను. నువ్వు వెళ్లు, బస్సు పోతుంది."

సిస్టరుకు వార్డు నుంచి పిలుపు వచ్చింది. "లేవండి మాస్టారూ, ఇంటికెళ్లండి," అంటూ వెళ్లిపోయింది. రెండు నిమిషాలు పడుకుని లేస్తానన్నారు. చాలా రోజుల తరువాత నడుము ఎక్కడా నొప్పి లేదు. కిటికీ వెలుతురు గోడ మీద నుంచి నేల మీదికి జారింది. ట్యాబు తెర దానంతట అదే ఆరిపోయింది.

ఆరింటికి గది తుడిచే ఆవిడ వచ్చింది. నిద్రపోతున్నారనుకుని, చప్పుడు కాకుండా గదంతా తుడిచింది. స్ట్రెచరు కింద కూడా తుడిచింది. తాళం వేసే వేళకు లేపబోయింది. భుజం చల్లగా తగిలింది.

సోమవారం పద్దెనిమిది పేర్లు ఆకుపచ్చగా ఉన్నాయి. మూటలమ్మ పేరు ఎదురుగా పెండింగ్ అని ఉంది. హెడ్ సిస్టరు కంప్యూటరు సెక్షన్‌కు వెళ్లింది.

"దుప్పటి అవతలి కొస నేనే పట్టుకున్నాను. ఆయన బాగుందన్నారు. నా చెవులతో విన్నాను."

"మీ పేరు ఆ గడిలో లేదు సిస్టర్. ఆయనే నొక్కాలి," అన్నాడు కంప్యూటరు అతను. అన్నాక తల దించుకున్నాడు.

మూటలమ్మ ఎవరితోనూ వాదించలేదు. లాండ్రీకి వెళ్లి, ముక్కుకు గుడ్డ కట్టుకుని పనిలో దిగింది.

ట్యాబును మెట్ల కింది గదిలో చార్జింగుకు పెట్టారు. పరీక్షకుల గడిలో ఆయన పేరే ఉంది. మరొకరి పేరు పెట్టడానికి పై నుంచి కాగితం రావాలి. ఇంకా రాలేదు.