కార్డు చూపించండి, చీఫ్

డెరిక్ చొక్కా ఇస్త్రీ చేశాక దాని ఎడమ జేబులో అతని గుర్తింపు కార్డు పెట్టడం పొద్దున నా పనుల్లో ఆఖరిది. అంతకు ముందు చీజ్, పికిల్ పెట్టిన బ్రెడ్డు ముక్కలు డబ్బాలో సర్దుతాను. కళ్ళజోడు వెతుకుతాను, అది ఎక్కువగా బాత్రూంలోనే దొరుకుతుంది. కారు తాళాలు తలుపు పక్క కొక్కేనికి తగిలిస్తాను. ఇవన్నీ చెయ్యమని అతను ఏనాడూ అడగలేదు. అడగాల్సిన అవసరమే రాకుండా పెళ్ళయిన కొత్తలోనే అవన్నీ నా చేతికి వచ్చేశాయి. మెస్‌లో పార్టీ జరిగినప్పుడల్లా బీరు గ్లాసు ఎత్తి, నా భుజం మీద చెయ్యేసి, "మా హేజెల్ లేకపోతే నేను గేటు కూడా దాటలేను" అంటాడు. అందరూ నవ్వుతారు. నేనూ నవ్వేదాన్ని. అది పొగడ్తేనని చాలా ఏళ్ళు నమ్మాను కూడా.

ఆ గేటు దగ్గర కాపలా కాసేది నేనే కాబట్టి వాళ్ళకి నవ్వు ఇంకాస్త ఎక్కువ వస్తుంది. ఇంగ్లండులో లింకన్‌షైర్ పొలాల మధ్య ఉన్న మా వైమానిక స్థావరంలో డెరిక్ విమానాల ఇంజన్లు బాగుచేసే చీఫ్ టెక్నీషియన్. నేను అక్కడే పోలీసు కార్పొరల్‌ని. మా టోపీల పైభాగం తెల్లగా ఉంటుంది కాబట్టి మమ్మల్ని స్నోడ్రాప్స్ అంటారు. చలి పూర్తిగా పోకముందే నేలలోంచి తలెత్తే తెల్లపువ్వుల పేరది. పేరు ముద్దుగానే ఉంది గానీ, మమ్మల్ని చూసి ముచ్చటపడేవాళ్ళు మాత్రం ఆ స్థావరంలో ఎవరూ లేరు. బూట్లకి పాలిష్ లేనివాడు, తాగి తూలుతూ వచ్చేవాడు, ఎవరి సైకిలో వేసుకుపోయేవాడు, అందరూ మమ్మల్ని చూడగానే పక్కదారి పడతారు.

నేను చేరిన కొత్తలో ఆడపోలీసు అంటే ఆడవాళ్ళ కోసం ఉన్న పోలీసని అర్థం. ఆడపిల్లల బ్యారక్‌లో ఎవరు ఆలస్యంగా వచ్చారో చూడటం, వాళ్ళ సంచులు వెతకడం, మొగుడు కొట్టాడని ఏడుస్తూ వచ్చిన భార్యని కూర్చోబెట్టి వీపు నిమరడం మా వంతు. అవతల మగ పోలీసులు దొంగతనాలు పట్టుకునేవాళ్ళు, కుక్కలతో కంచె చుట్టూ తిరిగేవాళ్ళు, గేటు దగ్గర చెయ్యెత్తి లారీలు ఆపేవాళ్ళు. తరవాత సైనిక స్థావరాల మీద బాంబుదాడుల భయం పెరిగి కాపలాకి మనుషులు చాలక నన్నూ గేటు దగ్గర నిలబెట్టారు. ఎందుకు నిలబెడితేనేం, నిలబడ్డాను. నేను చెయ్యెత్తితే లారీ ఆగుతుందని తెలిసిన రోజు ఇంటికొచ్చి ఒక్కదాన్నే వంటింట్లో చెయ్యెత్తి చూసుకున్నాను. ఆ ఉద్యోగమంటే నాకు అంత ఇష్టం.

ఒక్క టీ మాత్రం నన్ను వదల్లేదు. గేటు పక్కనున్న గార్డురూములో ఎంతమంది ఉన్నా కెటిల్ పెట్టేది నేనే. మా పై అధికారి ఫ్లైట్ సార్జెంట్ ఫెన్విక్ మంచివాడు, నోరు పారేసుకునే రకం కాదు. "నీ చేతి టీ పడితే గానీ నాకు తెల్లారదు హేజెల్" అంటాడు. ఇంట్లో నేను లేకపోతే గేటు దాటలేనివాడొకడు, ఇక్కడ నేను లేకపోతే తెల్లారనివాడొకడు. ఇంతమందికి ఇంత ముఖ్యమైన మనిషిని, అలిసిపోయానంటే ఏం బావుంటుంది?

ఆ సోమవారం ఫెన్విక్ గదిలోకి టీ తీసుకెళ్తే కప్పు అందుకుంటూ అసలు సంగతి చెప్పాడు. పోలీసు కుక్కల శిక్షణ బడిలో ఒక సీటు ఉంది, మూడు నెలలు అక్కడే ఉండాలి, తిరిగొచ్చాక ఇక్కడే కుక్కతో డ్యూటీ. మా స్థావరంలో ఇంతవరకూ ఏ ఆడమనిషీ పోలీసు కుక్క గొలుసు పట్టలేదు. ఇష్టమైతే శుక్రవారంలోగా చెప్పమన్నాడు. కంచె దగ్గర సేబర్ అనే అల్సేషన్ ఉండేది. తన పోలీసుని తప్ప ఇంకెవర్నీ దగ్గరికి రానివ్వని ఆ కుక్క ఒక చలికాలం పొద్దున నా మోకాలికి ఆనుకుని నిలబడింది, అంతే, ఇంకేం చెయ్యలేదు. ఆ బరువు నాకిప్పటికీ గుర్తుంది. తెల్లారుజామున పొగమంచులో కంచె పొడవునా ఒక కుక్కా నేనూ నడుస్తున్నట్టు ఎన్నిసార్లు ఊహించుకున్నానో. కుక్క మాట వింటుంది. టీ అడగదు.

ఆ సాయంత్రం డెరిక్‌కి ‘షెపర్డ్స్ పై’ అనే మాంసం, బంగాళాదుంపల వంటకం వడ్డిస్తూ చెప్పాను. నోట్లోది నమిలి మింగి, "మరి నా కార్డు జేబులో ఎవరు పెడతారు?" అన్నాడు. అని నవ్వాడు. వేళాకోళానికే అన్నాడని నాకు తెలుసు. కానీ ఆ మాట తరవాత ఇంకో మాట వస్తుందేమోనని ప్లేటు ఖాళీ అయ్యేదాకా చూశాను. రాలేదు. వెళ్ళడానికి అతని అనుమతి అక్కర్లేదు, కాగితాల మీద ఎక్కడా అతని సంతకం లేదు. అయినా మూతి ముడుచుకుని కూర్చున్న ఇంటిని వెనక వదిలి హాయిగా వెళ్ళడం నాకు చేతకాదు. వెళ్తే సంతోషంగా వెళ్ళాలి. మంగళ, బుధవారాలు అలాగే గడిచిపోయాయి.

గురువారం నాది తొలి షిఫ్టు, డెరిక్ లేవకముందే బయల్దేరాలి. చొక్కా ఇస్త్రీ చేశాను. డబ్బా కట్టాను. కళ్ళజోడు తెచ్చి పెట్టాను. కార్డు వంటింటి బల్ల మీద కనిపించింది, ముందురోజు పాత స్వెటర్లోంచి తీసి అక్కడ పడేసి ఉంటాడు. నా చెయ్యి దాని దాకా వెళ్ళి ఆగింది. మరిచిపోయానని తరవాత ఎవరితోనూ చెప్పలేదు, మరిచిపోలేదు కాబట్టి. తెల్లటోపీ పెట్టుకుని బయటికొచ్చేశాను.

ఉద్యోగానికి వచ్చేవాళ్ళ కార్లు గేటు ముందు బారులు తీరాక అతని ఆకుపచ్చ కారు కనిపించింది. అద్దం దించి పలకరింపుగా నవ్వి, గేరు వెయ్యబోయాడు. నేను చెయ్యెత్తాను.

"కార్డు చూపించండి, చీఫ్."

ఎడమ జేబు తడుముకున్నాడు. కుడి జేబు, ప్యాంటు జేబులు, ఆఖరికి బ్రెడ్డు డబ్బా మూత కూడా తీసి చూశాడు. వెనక కారువాడు హారన్ కొట్టాడు. డెరిక్ చెవులు ఎర్రబడ్డాయి.

"హేజెల్, నేను."

"మీరెవరో నాకు తెలుసు. కార్డు కావాలి."

"నేనెవరో నీకు తెలుసని నువ్వే చెప్తున్నావు కదా."

"గేటు దగ్గర ఆపినవాళ్ళే సాక్ష్యం చెప్పకూడదు. కారు పక్కన పెట్టి గార్డురూములోకి వెళ్ళండి, చీఫ్."

లోపల బల్ల దగ్గర కార్పొరల్ బాగ్‌షా ఉన్నాడు. డెరిక్‌తో వారం వారం డార్ట్స్ ఆడేవాడే, అయినా ఆ అవకాశం వదులుకుంటాడా? కార్డు లేనివాళ్ళని అడగాల్సిన ప్రశ్నలన్నీ తీరిగ్గా, ముఖం గంభీరంగా పెట్టి అడగడం మొదలెట్టాడు. కిటికీ తెరిచే ఉంది కాబట్టి నాకన్నీ వినిపిస్తున్నాయి. సర్వీసు నంబరు అడిగితే డెరిక్ ఒక్క గుక్కలో అప్పజెప్పాడు, ఆ నంబరు నిద్రలో లేపినా ఎవరం మరిచిపోం. పుట్టిన తేదీ చెప్పాడు. భార్య పేరు చెప్పాడు.

"భార్య ఏం చేస్తుంటారు?" అన్నాడు బాగ్‌షా.

ఒక కారుని లోపలికి పంపాను, ఇంకో కారుని ఆపాను. ఏమంటాడో వినాలని నాకెంత ఉందో అప్పుడు తెలిసింది. ఇల్లు చూసుకుంటుందంటాడా, నాకు అన్నీ అమర్చి పెడుతుందంటాడా?

"నన్ను లోపలికి రానివ్వనిది ఆవిడే" అన్నాడు డెరిక్, మెల్లిగా.

బాగ్‌షా బల్ల గుద్ది నవ్వాడు. డెరిక్ నవ్వలేదు. ఇంటికెళ్ళి కార్డు తెచ్చుకుని, దాన్ని నా ముఖానికి ఎదురుగా పెట్టి చూపించి, ఆలస్యంగా పనిలోకి వెళ్ళాడు.

గురువారాలు మా అత్తగారు ఐవీ మాతో భోంచేస్తుంది. ఆవిడ ఎవర్ని పిలిచినా డక్ అనే పిలుస్తుంది, మా వైపు బాతు అనడం ముద్దుమాటే. కుక్కల సంగతి ఆవిడకి అప్పటికే తెలుసు, మూడు నెలలు మొగుణ్ణి ఒంటరిగా వదిలేస్తావా డక్ అని ఫోనులో నన్నో చురక వేసింది కూడా. అందుకే డెరిక్ ఫోర్కు కింద పెట్టి, కట్టుకున్న పెళ్ళామే నలుగురి ముందు ఎలా ఆపిందో చెప్పుకుపోతుంటే, ఆవిడ వాత పెడుతుందని నేను సిద్ధంగా కూర్చున్నాను. ఆవిడ చివరిదాకా వింది. పొట్ట పట్టుకుని, కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వింది. తరవాత కళ్ళజోడు తుడుచుకుని కొడుకు వైపు చూసింది.

"మీ నాన్న బతికినన్నాళ్ళూ ఇలాంటి వంటింటి గుమ్మంలోంచే లోపలికి వచ్చాడు డక్. ఒక్కరోజు కూడా నేను కార్డు అడగలేదు. అడిగి ఉండాల్సింది."

కస్టర్డ్ తిన్నాం. ఐవీ వెళ్తూ వెళ్తూ నా చెంప మీద తట్టి, కుక్కకి వెన్న బిస్కెట్లు ఇష్టమేమో కనుక్కోమంది. గిన్నెలు డెరిక్ కడిగాడు, అడక్కుండానే, కొంచెం చప్పుడు ఎక్కువ చేస్తూ.

శుక్రవారం కూడా నాది తొలి షిఫ్టే. చొక్కా ఇస్త్రీ చెయ్యలేదు. ఆకుపచ్చ కారు వచ్చి ఆగింది. నేను చెయ్యెత్తకముందే అద్దంలోంచి కార్డు బయటికొచ్చింది. చొక్కా కాలరు ఒకవైపు నలిగి ఉంది, కళ్ళజోడు ముక్కు మీదే ఉంది. నేను నిబంధన ప్రకారం ఫోటో చూశాను, ముఖం చూశాను, మళ్ళీ ఫోటో చూశాను. ఫోటోలో కుర్రాడు నేను పెళ్ళి చేసుకున్నవాడు. ఎదురుగా ఉన్నవాడు కొంచెం సిగ్గుపడుతున్నాడు.

"చూశావా, నువ్వు లేకపోయినా దాటగలను" అన్నాడు. ఒక్క క్షణం ఆగి, "వెళ్ళు. వెళ్ళిరా" అన్నాడు.

"దాటండి, చీఫ్" అన్నాను. ఇన్నేళ్ళ కాపురంలో అతను నాతో అన్నవాటిల్లో అంత ప్రేమైన మాట ఇంకోటి లేదు.

షిఫ్టు అయ్యాక జవాబు చెప్పడానికి ఫెన్విక్ గది తలుపు తట్టాను. తలెత్తకుండానే టీ కోసం చెయ్యి చాపాడు. నా రెండు చేతులూ ఖాళీగా ఉన్నాయి.