కోపం అనుకున్న అంకె

నాన్నకు కోపం ముక్కు మీదే ఉంటుందని దర్జీల వీధి మొత్తానికీ తెలుసు. చిన్నకూతురు ఆయన కొట్టు వదిలి ఎదురు కొట్టులో చేరిన రోజు నుంచి ఆయన ఆమెతో మాట మానేశాడు. ఆమె తక్కువ తిందా? తనూ పలకరించలేదు. పంతంలో ఇద్దరిదీ ఒకటే అచ్చు.

ఇప్పుడాయన ఐసీయూలో ఉన్నాడు. తలలో నరం చిట్లింది. ఊపిరి వెంటిలేటర్ మీదే ఆడుతోంది, కళ్లు తెరవడం లేదు.

సాయంత్రం ఒక్కొక్కరినే లోపలికి పంపుతారు. కొట్టుకు తిరిగి వెళ్లాలి కాబట్టి ముందు చిన్నది, తర్వాత అక్క. చిన్నది వెళ్లేసరికి మానిటర్ మీద బీపీ అంకె పైకెక్కి ఉండేది. అక్క వెళ్లేసరికి బుద్ధిగా దిగి ఉండేది. రోజూ ఇదే తంతు.

"నేనంటే ఇంకా మండిపోతున్నాడక్కా," అంది చిన్నది.

"పిచ్చిదానా, ఆయనకి స్పృహే లేదు."

"నా మీద కోపానికి ఆయనకి స్పృహ ఎందుకు?"

తన వల్ల మళ్లీ నరం చిట్లుతుందేమోనని భయపడి లోపలికి వెళ్లడం మానేసింది. తన వంతు సమయమంతా వరండా బల్ల మీద కూర్చుని కుమిలిపోయేది, అక్క ఎప్పటిలా ఆ తర్వాతే వెళ్లేది. అయినా ఆ బాధలో ఒక ఊరట ఉంది. తిట్టుకోవడానికైనా నాన్న తనను గుర్తుపడుతున్నాడు.

రెండు సాయంత్రాలు చూసి, ఎందుకు లోపలికి రావడం లేదని నర్సు బయటికొచ్చి అడిగింది. సంగతి విని నవ్వలేదు.

"అది మీ వల్ల కాదమ్మా. ఆయన దగ్గలేరు కదా, గొంతులో చేరిన కఫాన్ని మేమే సన్న ట్యూబుతో లాగేస్తాం. అలా లాగితే బీపీ పెరుగుతుంది, కాసేపటికి దిగుతుంది. ఇంట్లోవాళ్లు చూసి తట్టుకోలేరని మిమ్మల్ని పిలిచే ముందే చేస్తాం. ముందొచ్చేది మీరు, అందుకే మీకు కనబడింది. కావాలంటే వచ్చి చూడండి."

వెళ్లి చూసింది. ట్యూబు లోపలికి దిగగానే నాన్న ఛాతీ ఎగిరింది, ముఖం కందింది, అంకె ఎక్కింది. ఆమె అప్పటికింకా నోరే విప్పలేదు. నర్సు ట్యూబు తీసి వెళ్లాక అంకె నెమ్మదిగా దిగి కుదురుకుంది. చిన్నదాని గుండె తేలికపడింది. కుర్చీ దగ్గరికి లాక్కుంది.

"నాన్నా, నేనే."

అంకె కదల్లేదు.

"ఆ కొట్టు మానలేదు. మానను కూడా."

అప్పుడూ కదల్లేదు. ఆమెకు భయం వేసింది. చెవి దగ్గరికి వంగింది.

"ఎదురు కొట్టాయన కాలరు నీకంటే బాగా కుడతాడు నాన్నా."

ఒంట్లో బాగున్న రోజుల్లో అయితే ఆ మాటకు చేతిలో కత్తెర విసిరేసేవాడు. ఇప్పుడు వెంటిలేటర్ తన పని తాను చేసుకుపోతోంది. ఒక్క తిట్టు కోసం ఆమె చాలాసేపు అంకె వంకే చూసింది.

అక్క తలుపు దగ్గరికొచ్చి నిలబడింది.

"బీపీ ఎలా ఉందే?"

"బాగానే ఉందక్కా," అని చిన్నది నాన్న చేతి మీద తల వాల్చి ఏడ్చింది.