రెండు వందల ముప్పై కుర్చీలు

తెరమీద నాలుగు వందల ముఖాలున్నాయి. అన్నీ చొక్కా గుండీలంత చిన్నవి. మధ్యలో ఫ్లోర్ మేనేజరు ముఖం మాత్రం పెద్దది. ఆయన ఉత్తర్వు చదువుతున్నాడు. నాలుగేళ్లుగా ఇళ్ల నుంచి చేసింది చాలు, ఒకటో తారీఖు నుంచి వారానికి ఐదు రోజులూ అందరూ ఆఫీసుకు రావాలి.

"మనమంతా ఒకే కుటుంబం. కుటుంబమన్నాక ఒక్క కప్పు కింద ఉండాలి" అన్నాడు.

ఒక చెయ్యి లేచింది. గడియారం చెయ్యి. పదకొండేళ్లలో ఒక్క నిమిషం కూడా ఆలస్యంగా పనిలోకి రాలేదని అతన్ని అందరూ గడియారమనే పిలిచేవారు.

"సార్, వారంలో మూడు రోజులు నాకు డయాలిసిస్ ఉంటుంది. ఆస్పత్రి మంచం మీదే లాప్‌టాప్ పెట్టుకుని కాల్స్ తీసుకుంటున్నాను. ఒక చేతికి సూది, రెండో చేత్తో పని. ఒక్క కాల్ కూడా పోలేదు, మీరే చూసుకోండి. ఇప్పుడు ఆ మూడు రోజులూ నేనేం చెయ్యాలి?"

"సొంత గొడవలు ఇక్కడొద్దు."

"గొడవ కాదు సార్, ప్రాణం..."

మాట మధ్యలోనే గొంతు ఆగిపోయింది. పెదాలు కదులుతున్నాయి, ఏమీ వినబడటం లేదు. మరుక్షణం ఆ ముఖం కూడా పోయి నల్లటి గడి మిగిలింది.

మూడు వందల తొంభై తొమ్మిది మంది చూశారు. ఒక్కరూ నోరు మెదపలేదు.

టీచరమ్మ కూడా మెదపలేదు. బీమా కంపెనీల మీద జనం చేసే ఫిర్యాదులు వినడం వాళ్ల పని. కొత్తగా చేరినవాళ్లకు ఆ పని నేర్పేది కాబట్టి ఆమెకు ఆ పేరు. లాప్‌టాప్ మూసి వెనక్కి తిరిగింది. మంచం మీద భర్త చూస్తున్నాడు. క్రేను మీంచి పడి నడుం విరిగిన మనిషి. రెండు గంటలకోసారి పక్కకు తిప్పకపోతే వీపంతా పుండవుతుంది.

"అంతమందిలో ఒక్కరికీ నోరు లేదా?" అన్నాడు.

"నోరు తెరిస్తే నన్ను ఉద్యోగంలోంచే తీసేస్తారు. అప్పుడు నీ మందులెవరు తెస్తారు?"

"నన్ను అడ్డం పెట్టుకోకు. క్రేను తాడు అరిగిపోయిందని ఆ రోజు నేనొక్కణ్ణే అన్నాను. మిగతావాళ్లకూ పెళ్లాం పిల్లలున్నారు మరి. ఎవరూ మాట్లాడలేదు. నేను కింద పడ్డాను."

ఆమె అతన్ని ఎడమ పక్కకు తిప్పింది.

ఒకటో తారీఖున ఆడపడుచును బతిమాలి ఇంట్లో కూర్చోబెట్టి, రెండు బస్సులు మారి ఆఫీసు చేరింది. ఎనిమిదిన్నరకే సగం కుర్చీలు నిండిపోయాయి. తొమ్మిదికి ఒక్కటీ ఖాళీ లేదు. కుర్చీ ముందున్న కంప్యూటర్లో పేరు కొడితేనే హాజరు. కుర్చీ దొరకనివాడు పొద్దంతా గోడకు ఆనుకుని నిలబడ్డా గైర్హాజరే. మూడు గైర్హాజర్లు పడితే తనంతట తాను రాజీనామా చేసినట్టే.

మూడు రోజులు తిరక్కుండానే మనుషులు మనుషుల్లా లేకుండా పోయారు. తల నెరిసినవాళ్లు మెట్లమీద పరుగెత్తారు. ఒకడి సంచి ఇంకొకడు విసిరేశాడు. టీచరమ్మ దగ్గర పని నేర్చుకున్న పిల్లే ఆమెను మోచేత్తో నెట్టి కూర్చుంది. కూర్చున్నాక తలెత్తి చూడలేకపోయింది.

నాలుగో రోజు టీచరమ్మకు కుర్చీ దొరకలేదు. బాత్రూములో నీళ్లు వదిలేసి ఏడుస్తోంది. గచ్చు తుడుస్తున్న పెద్దమ్మ కాసేపు చూసి, కర్ర గోడకు ఆనించింది.

"ఎందుకమ్మా అలా ఒకళ్లనొకళ్లు పీక్కుతింటారు? ఉన్నవే రెండు వందల ముప్పై. రోజూ తుడిచేదాన్ని, నాకు తెలీదా? పోయిన నెల నూట డెబ్బై కుర్చీలు లారీ ఎక్కించారు. మోసింది మేమే."

టీచరమ్మ కుళాయి కట్టేసింది. "పోయిన నెలా? మమ్మల్ని రమ్మనక ముందా?"

"ముందే."

నాలుగు వందల మందిని పిలిచి, నూట డెబ్బై కుర్చీలు ముందే తీసేశారు. ఉద్యోగంలోంచి తీసేస్తే పరిహారం ఇవ్వాలి. పొగబెట్టి పారిపోయేలా చేస్తే ఏమీ ఇవ్వక్కర్లేదు. ఆమెకు కళ్లు మండాయి, కానీ ఇక ఏడుపు రాలేదు.

తర్వాతి వారం గడియారం పోయాడు.

డయాలిసిస్ మానేసి రోజూ ఆఫీసుకొచ్చాడు. పాదాలు ఉబ్బి చెప్పుల్లో పట్టలేదు. పరుగెత్తలేని మనిషికి రోజూ కుర్చీ ఎక్కడ దొరుకుతుంది? రెండు రోజులు గైర్హాజరు పడింది. మూడోది చచ్చిపోయిన రోజున పడింది. శవం ఇంకా ఇంటి ముందు ఉండగానే అతని ఫోనుకు సందేశం వచ్చింది. భార్య చదివి, అర్థంకాక టీచరమ్మకిచ్చింది. టీచరమ్మ చూడ్డానికొచ్చిన ఆఫీసువాళ్లందరికీ వినబడేలా చదివింది: "మీరు స్వచ్ఛందంగా రాజీనామా చేసినట్టు భావిస్తున్నాము. మీ భవిష్యత్తుకు శుభాకాంక్షలు."

ఎవరో పళ్లు కొరికారు. ఎవరో బూతు తిట్టారు. కుర్చీల సంగతి టీచరమ్మ అక్కడే చెప్పింది. వీధిలోనే సమావేశమైపోయింది.

"ఇంకేం మాట్లాడతాం? మునుపటిలా ఇళ్ల నుంచే చేస్తామందాం" అన్నాడు కళ్లజోడు కుర్రాడు.

పెద్దమ్మ జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చింది. "మీరు ఇళ్లల్లో చల్లగా కూర్చున్న నాలుగేళ్లూ మేం నలభై మందిమి పని లేక ఎలా ఉన్నామో ఒక్కడైనా అడిగాడా? ఇప్పుడు పదిహేను మందిని పిలిచి నలభై మంది చాకిరీ చేయిస్తున్నారు. మీరు మళ్లీ ఇళ్లకు పోతే మేమెక్కడికి పోవాలి?"

"నీకూ మాకూ పోలికేంటి పెద్దమ్మా? మాది వేరే పని."

"పని వేరే, దెబ్బ ఒకటే బాబూ. అప్పట్లో నన్ను తీసేస్తున్నామని ఎవరూ అనలేదు. 'రావద్దు' అన్నారంతే. నిన్నూ తీసేస్తున్నామని అనడం లేదు. 'రా' అంటున్నారు. తేడా ఏముంది?"

కుర్రాడు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఇల్లా, ఆఫీసా అని మనం కొట్టుకుంటున్నాం" అంది టీచరమ్మ. "వాళ్లకు ఇల్లయినా ఒకటే, ఆఫీసయినా ఒకటే. ఎక్కడుంచితే మనం నోరు మూసుకుంటామో అక్కడుంచుతారు. ఇంటి నుంచి చేయాల్సినవాళ్లకు ఇల్లు. ఆఫీసు కావాలన్నవాళ్లకు కుర్చీ. తుడిచేవాళ్లు నలభై మందీ వెనక్కి రావాలి. గడియారానిది రాజీనామా కాదని రాసివ్వాలి. ఆ రోజు తెరమీంచి ఆయన్ని తీసేస్తుంటే నేను నోరు మూసుకున్నాను. ఆ పాపంలో నాకూ వాటా ఉంది."

"అందరికీ ఉంది" అంది మోచేత్తో నెట్టిన పిల్ల.

సోమవారం అందరూ వచ్చారు. ఒక్కరూ కూర్చోలేదు. కుర్చీల పక్కనే నిలబడ్డారు. రెండు వందల ముప్పై ఫోన్లు మోగి మోగి ఆగాయి, మళ్లీ మోగాయి. పెద్దమ్మా ఆమె మనుషులూ తుడుపు కర్రలతో వచ్చి వాళ్ల మధ్య నిలబడ్డారు.

మేనేజరు టీచరమ్మను అద్దాల గదిలోకి పిలిచాడు. ఎప్పుడూ లేనిది కుర్చీ చూపించాడు.

"మీ ఇంటి పరిస్థితి నాకు తెలుసమ్మా. మీకు ఇంటి నుంచి పని ఇప్పించే పూచీ నాది. మీ ఒక్కరికే. వాళ్లను కూర్చోమని ఒక్క మాట చెప్పండి చాలు."

ఆమెకు కావలసింది సరిగ్గా అదే. ఒక్క క్షణం భర్త వీపు కళ్లముందు మెదిలింది. చెప్పేస్తే సాయంత్రానికల్లా ఇంట్లో ఉండొచ్చు. నాలుక మీదికొచ్చిన మాటను మింగేసింది.

"అదే మాట అందరికీ కాగితం మీద రాయండి."

"మీ ఖర్మ" అంటూ ఆయన ఫోను తీశాడు.

పోలీసులొచ్చారు. ముందు పెద్దమ్మను జుట్టు పట్టి లాగారు. కుర్చీలు దొంగిలించి అమ్ముకుందని కేసు! మోసిన చేతులకే దొంగతనం అంటగట్టారు. జనం వ్యాను చుట్టూ గోడకట్టారు. లాఠీలు లేచాయి. కళ్లజోడు పగిలింది. టీచరమ్మతో సహా నలభై ముగ్గుర్ని స్టేషనుకు తీసుకెళ్లి, చీకటి పడే వేళకు పెద్దమ్మను తప్ప అందర్నీ వదిలారు.

ఆడపడుచు తన పిల్లల కోసం మధ్యాహ్నమే వెళ్లిపోయింది. భర్త అంతసేపూ వెల్లకిలా పడి ఉన్నాడు. దుప్పటి వీపుకు అతుక్కుపోయింది. ఊడదీస్తుంటే చర్మం కూడా వచ్చింది.

"తప్పు చేశాను" అంది టీచరమ్మ.

"తడిగుడ్డ పెట్టు" అన్నాడతను పంటిబిగువున. "రేపు మీ చెల్లెల్ని కూడా రమ్మను. నీ ఆడపడుచు ఒక్కదానివల్ల కాదు. నువ్వు మాత్రం వెళ్లు."

మర్నాడు ఆఫీసు గేటుకు తాళం. పక్కన లోపలికి రానివ్వకూడని వాళ్ల పేర్ల జాబితా, మొదటి పేరు టీచరమ్మది. వాళ్లు గేటు ముందే బైఠాయించారు. పదో రోజున కళ్లజోడు కుర్రాడు ఫోనులో ఒక ప్రకటన చూపించాడు. అదే కంపెనీ. కొత్తవాళ్లు కావాలి. ఇంటి నుంచే పని!

కొందరు నవ్వారు. అది నవ్వు కాదు, కడుపుమంట. ఆఫీసుకు రావాలన్నందుకు ఒక మనిషి చచ్చిన చోట, ఇప్పుడు ఆఫీసుకు రానవసరం లేదట.

"గేటైతే అడ్డుకుంటాం. ఎవరిళ్లల్లోనో కూర్చుని పనిచేసేవాళ్లను ఎలా ఆపుతాం? వాళ్లెవరో కూడా తెలీదు" అన్నాడొకడు.

టీచరమ్మ ఫోను తీసి కంపెనీ ఫిర్యాదుల నంబరు నొక్కి, అందరికీ వినబడేలా పెట్టింది.

"నమస్కారమండి. మీకేం సాయం చేయగలను?" లేత గొంతు. వెనకాల ఎవరో ముసలాయన దగ్గుతున్నాడు.

"ఫిర్యాదుందమ్మా, రాసుకో. నువ్వు చేస్తున్న పని మాది. నాలుగు వందల మందిమి గేటు బయట కూర్చున్నాం. ఒకడు చచ్చిపోయాడు. ఒక ముసలమ్మ జైల్లో ఉంది."

అవతల కీబోర్డు టకటక ఆగిపోయింది.

"నిన్ను తిట్టడానికి చెయ్యలేదు తల్లీ. అవసరముండే చేరి ఉంటావు. నియామకం కాగితం ఇచ్చారా?"

"లేదండి. మూడు నెలల తర్వాత చూస్తామన్నారు." గొంతు తగ్గింది. "ఇది కొత్త శాఖ అని చెప్పారు. మీ గురించి ఎవరూ చెప్పలేదు."

"ఎందుకు చెబుతారు?"

"ఈ కాల్ రికార్డవుతోందండి."

"తెలుసమ్మా. భయమైతే పెట్టేయ్."

ఆ పిల్ల పెట్టలేదు. ముసలాయన దగ్గు ఆగింది, మళ్లీ మొదలైంది. గేటు ముందు జనం ఫోను మీదికి వంగారు.

"మేం కొత్తవాళ్లం అరవై మందిమి ఉన్నాం" అంది ఆ పిల్ల ఉన్నట్టుండి. గొంతు ఇప్పుడు గట్టిగానే ఉంది. "నా సొంత నంబరు చెబుతాను, రాసుకోండి."

మోచేత్తో నెట్టిన పిల్ల కలం తీసి అరచెయ్యి చాపింది. ఒక్కో అంకె దగ్గర ఆగుతూ, వింటున్న వాళ్లందరికీ, ఆ రికార్డింగు యంత్రానికి కూడా స్పష్టంగా వినబడేలా, ఆ అమ్మాయి తన నంబరు మొత్తం చెప్పింది.