అట్రాక్టా కెటిల్

నాక్‌బ్రాన్ అనే పల్లెటూళ్ళో ఎవరింటికి వెళ్ళినా టీ తాగమంటే వద్దనాలి. రెండోసారీ వద్దనాలి. మూడోసారికి "సరే, ఇంతగా అడుగుతున్నారు కాబట్టి" అంటూ కుర్చీ లాక్కోవాలి. మొదటిసారే ఒప్పుకుంటే తిండిపోతు, ఒక్కసారి అడిగి ఊరుకుంటే పిసినారి.

అట్రాక్టా వంటింట్లో ఈ తంటా లేదు. ఎవరైనా పైకి వద్దంటూ లోపల కావాలనుకుంటే, ఆమె కెటిల్ పొయ్యి ఎక్కకుండానే సలసలా కాగేది. నిజంగా కడుపు నిండినవాళ్ళొస్తే చల్లగా కూర్చునేది. "అలాంటిది మాకూ ఉంటే బాగుండు" అనేది పక్కింటి నోరీన్, అంతకుమించి దాని ఊసెత్తేవాళ్ళు లేరు.

చర్చి ఫాదర్ ఏటా వంతు ప్రకారం ఊళ్ళో ఒకరింటికొచ్చి పూజ చేస్తాడు. గోడలకు రంగులు పడేది ఆ వంకతోనే. ఈసారి అట్రాక్టా వంతు. ఆమె వంటింటికి రంగు వేసింది ఫెస్టస్. అతను ఆవుల్ని అమ్మేశాడు, పూజయిన మర్నాడే కార్క్ పట్నంలో తమ్ముడి పంచన చేరబోతున్నాడు. వెళ్ళాలని ఏ కోశానా లేదు. వయసులో ఉండగా, పొయ్యిలో కాల్చుకునే పీట్ మట్టిగడ్డలు చిత్తడి నేలలో కోస్తూ, అక్కడే నన్ను చేసుకుంటావా అని అట్రాక్టాని అడిగాడు. వద్దంది. పాపం, ఆ మాటే పట్టుకుని ఇన్నేళ్ళూ ఒంటరిగా గడిపేశాడు.

పూజయ్యాక ఫాదర్ కానిస్ రొట్టెకి వెన్న రాసుకుంటూ అన్నాడు. "పెళ్ళి చేసుకునుంటే ఊరు వదిలే కర్మ ఉండేదా, ఫెస్టస్?"

"నోరు తెరిచి అడిగితేగా ఫాదర్ ఈయన" అంది నోరీన్.

ఫెస్టస్‌కి రోషం వచ్చింది. "అడిగాను. అట్రాక్టానే అడిగాను. వద్దంది."

"ఇప్పుడైనా వద్దనే అంటాను" అంది అట్రాక్టా, తలెత్తకుండా రొట్టె కోస్తూ.

కిటికీలో ఖాళీగా ఉన్న కెటిల్ కుతకుతమంది. అందరూ అటు తిరిగారు.

"ఎన్నిసార్లు అడిగావయ్యా?" అంది నోరీన్ మెల్లగా.

"ఒక్కసారి."

"టీకే మూడుసార్లు అడుగుతాం కదయ్యా, మహానుభావా."

ఫెస్టస్ లేచి నిలబడ్డాడు. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. "అట్రాక్టా, నన్ను చేసుకుంటావా?"

"ఎందుకులే, నీకు శ్రమ."

కెటిల్ మూత ఎగిరి ఫాదర్ ఒళ్ళో పడింది. గదంతా ఆవిరి కమ్మేసి ఎవరి మొహం ఎవరికీ కనపడలేదు. ఆ ఆవిర్లోనే ఫెస్టస్ మళ్ళీ అడిగాడు.

కత్తి బల్ల మీద పెట్టిన చప్పుడైంది. అతని పక్కకి ఎవరో కుర్చీ లాక్కున్నారు.

"సరే, ఇంతగా అడుగుతున్నావు కాబట్టి" అంది అట్రాక్టా.

ఫెస్టస్ కళ్ళు తుడుచుకున్నాడు. కెటిల్ చల్లారిపోయింది, టీ కోసం నోరీన్ పొయ్యి వెలిగించాల్సి వచ్చింది. ఆవిరికి గోడల రంగంతా కారిపోయింది. మళ్ళీ మొదటినుంచీ వెయ్యాలి. వేసేవాడికి ఇక తొందరేం లేదు.