నూటపన్నెండో నంబరు మద్ది

పటాన్‌చెరు బజారులో బట్టల కొట్టు నడిపే రాజేశ్వర్‌కు చెట్ల గురించి తెలిసింది తక్కువ, కొలవడం గురించి తెలిసింది ఎక్కువ. అందుకే రెండేళ్ల కిందట, ఆదివారాలు చిట్టడవిలో పనిచేసే బృందంలో చేరిన రోజునే, తనకు కొలతల పని కావాలని అడిగి మరీ తీసుకున్నాడు.

చిట్టడవి అంటే పెద్దదేం కాదు. సర్వీసు రోడ్డు పక్కన, మూతపడిన గోదాము వెనక పది గుంటల జాగా, పావెకరం. గడ్డపోతారంలో మందుల కంపెనీ ల్యాబులో పనిచేసే నిషిత అనే అమ్మాయి మూడేళ్ల కిందట పదిమందిని కూడగట్టి, అక్కడ మద్ది, నేరేడు, కానుగ, రేల, మోదుగ మొక్కలు ఒత్తుగా నాటించింది. ప్రతి మొక్కకూ రేకు ముక్క మీద ఒక నంబరు. మనిషికి నలభై మొక్కలు. నెలకోసారి ఎత్తు, చుట్టుకొలత రాయాలి. చచ్చినవెన్నో, బతికినవెన్నో చెప్పాలి. గాలి ఫ్యాక్టరీల వైపు నుంచి వీచిన రోజు ముక్కుకు రుమాలు కట్టుకొని రాయాలి.

రాజేశ్వర్ వంతుకు వచ్చిన నలభైలో నూటపన్నెండో నంబరు నల్లమద్ది. మిగతావి నడుము దాటడానికే ఆపసోపాలు పడుతుంటే, అది రెండేళ్లలో డాబా ఎత్తుకు ఎగబాకింది. రాజేశ్వర్ మెడలో టేపు వేసుకొని దాని చుట్టూ తిరిగేవాడు. రోజూ పొద్దున ఒక ఫొటో తీసి బృందం వాట్సాపులో పెట్టేవాడు.

"మన పెండ్లి ఫొటోలు గూడ గిన్ని లేవు" అంది ఆయన భార్య అరుణాదేవి.

ఎండాకాలంలో స్కూటరు మీద రెండు డబ్బాల నీళ్లు పెట్టుకొని రోజూ వెళ్లేవాడు. తన మద్ది ఒక్కదానికే పోస్తే బాగుండదని పక్కనున్న వాటికీ పోసేవాడు. పక్కవాటికి పోశాక వాటి పక్కవి చిన్నబుచ్చుకున్నట్టు కనిపించేవి. ఆ విధంగా నలభైకీ నీళ్లు అందేవి.

"చూసినవా బీరమ్మా, నా మద్ది!" అనేవాడు కలుపు తీస్తున్న బీరమ్మతో.

బీరమ్మది లక్డారం. ముప్పై ఏళ్లు పొలం కూలికి వెళ్లి, ఇప్పుడు ఒక ఫ్యాక్టరీలో ఊడ్చే పని చేస్తోంది. ఆదివారం సెలవు రోజున ఇక్కడికి వస్తుంది. రాయడం రాదు గానీ ఏ ఆకు చూపించినా పేరు చెబుతుంది.

"మస్తు పెరిగింది సేటూ. ఇగ దాన్ని ఆపుడు ఎవని తరం?" అనేది కొంగు నోటికి అడ్డం పెట్టుకొని. రాజేశ్వర్ దాన్ని మెచ్చుకోలు కింద జమ కట్టుకొనేవాడు.

ఈ ఏడు చలి మొదలవుతుండగా ఆయనకు కష్టం వచ్చిపడింది. ఎవరో మద్ది కొమ్మలు నరుక్కుపోతున్నారు. ఒకసారి కాదు, మూడుసార్లు.

"మేకలేమో అంకుల్" అంది నిషిత, ఎటో చూస్తూ.

"మేకలకు కొడవలి ఎక్కడిదమ్మా? కోత సూడు, కత్తెర పెట్టినట్టున్నది!"

దొంగను పట్టుకొనే దాకా నిద్రపోనని వాట్సాపులో ప్రకటించాడు. మర్నాడు తెల్లవారుతుండగా మంకీ క్యాపు పెట్టుకొని, ఫ్లాస్కులో చాయ్‌తో వెళ్లి కానుగల వెనక కూర్చున్నాడు. దోమలు ఆయన్ని తీరిగ్గా పరామర్శించాయి. రెండో కప్పు పోసుకుంటుండగా ఆకులు గలగలమన్నాయి. లేచి ఒక్క ఉదుటున ముందుకు వచ్చాడు.

ఎదురుగా బీరమ్మ. ఒక చేతిలో కొడవలి, ఇంకో చేతిలో సంచి.

"ఏంది సేటూ, గింత పొద్దుగాల?" అంది, తానే ఆయన్ని పట్టుకున్నట్టు.

"నువ్వా బీరమ్మా! నా మద్దిని నువ్వు నరుకుతున్నవా?"

బీరమ్మ సంచి కింద పెట్టింది. "జెర కూసో. గిది మద్ది గాదు సేటూ. సుబాబులు."

"నంబరు రాసున్నది గదా!"

"నంబరు ఉంటే అయితదా? నీ మద్ది మొదటి ఎండలనే సచ్చిపోయింది. గా రేకు పక్కన గిది దానంతటదే మొలిసింది. మద్ది ఆకు అరచెయ్యంత ఉంటది. గిది సింతాకు తీర్గున్నది. రెండేండ్ల సంది పొడుగు కొలిసినవ్, చుట్టు కొలిసినవ్. ఆకు సూడకపోతివి."

రాజేశ్వర్ తల ఎత్తి చూశాడు. నిజమే, చింతాకులాగే ఉంది. ఇన్నాళ్లూ అది అట్లాగే ఉంది.

"మరి ఎందుకు చెప్పలే?"

"చెప్తే నువ్వు ఇంటికాడ ఉంటుంటివి. దీని మీది ప్రేమతోని, పావురంతోని రోజూ వస్తున్నవ్, అన్నిటికీ నీళ్లు పోస్తున్నవ్. ఇత్తులు రాలితే జాగంతా ఇదే అయితదని కాయలు ముదరక ముందే నేను కోసుకపోత. మా మేకలు తింటయి. ఎవలకు నష్టం?"

ఆదివారం రాజేశ్వర్ అందరినీ నిలబెట్టి అడిగాడు. "మీకు గూడ తెలుసా?" అందరికీ ఒక్కసారిగా కలుపు కనిపించింది, వంగి పీకడం మొదలుపెట్టారు.

"ఈ ఏడాది చెప్దామనే అనుకున్నం అంకుల్" అంది నిషిత చివరికి. "దాని నీడకు పక్కన నాలుగు మొక్కలు ఎదుగుతలేవు. తీసెయ్యాలె. కానీ మీ నలభైల చచ్చినవి మూడే. ఇంకెవ్వరి దాంట్ల గట్ల లేదు."

రెండు వారాలు రాజేశ్వర్ అటు రాలేదు. అరుణాదేవి ఎన్నిసార్లు కదిపినా "గిరాకీ ఉన్నది" అన్నాడు. గిరాకీ లేదు. గల్లా దగ్గర కూర్చొని ఫోనులో మద్ది ఆకుల బొమ్మలు చూస్తున్నాడని ఆమెకు తెలుసు.

మూడో ఆదివారం రంపంతో వచ్చాడు. నేరుగా నూటపన్నెండు దగ్గరికి వెళ్లి కోయడం మొదలుపెట్టాడు. సగం దాకా కోసి ఆగిపోయాడు. కళ్లలో పొట్టు పడిందన్నాడు. ఎవరూ కాదనలేదు. బీరమ్మ వచ్చి రంపం రెండో కొస పట్టుకుంది. "మొద్దు ఉంచితే మళ్ల చిగురేస్తది, ఏర్లు గూడ తియ్యాలె" అని గడ్డపార అందించింది. ఎండ ఎక్కే వేళకు గుంత మిగిలింది. పక్కనున్న నాలుగు మొక్కల మీద వెలుతురు పడింది.

రాజేశ్వర్ పుస్తకం తెరిచి, రెండేళ్ల కొలతలు ఒక్కొక్కటే కొట్టేశాడు. నూటపన్నెండు ఎదుట "నల్లమద్ది, మొదటి ఏడాదే చనిపోయింది" అని రాశాడు. చచ్చినవి మూడు కాదు, నాలుగు.

"అయినా మీదే ఫస్టు అంకుల్" అంది నిషిత.

"ఉండనీ తియ్" అన్నాడు గానీ మొహం కొంచెం తేటపడింది.

కొమ్మల మోపు బీరమ్మ ఒక్కతే మోయలేదని స్కూటరుకు కట్టి, ఆమెను వెనక కూర్చోబెట్టుకొని లక్డారం వెళ్లాడు. మోపు దించగానే మేకలు మూగాయి. వాటిలో ఒక చుక్కల మేక మాత్రం ఆకు వదిలేసి వచ్చి ఆయన చొక్కా చెయ్యి నమలడం మొదలుపెట్టింది. రాజేశ్వర్ విడిపించుకోబోయి, చేతకాక నవ్వేశాడు.

"దానికి నీ మీద మస్తు పావురం సేటూ" అంది బీరమ్మ చాయ్ గ్లాసు అందిస్తూ. "పుట్టిన కాడి నుంచి నువ్వు పెంచిందే తిన్నది మరి."