పోలినాయుడు మాస్టారి గొంతు

నేను ఒక ప్రొజెక్టరుని. శ్రీకాకుళం దాటాక హైవే పక్కనున్న ఇంజనీరింగ్ కాలేజీలో, సివిల్ థర్డియర్ గది పైకప్పుకు వేలాడుతూ, ఈ జిల్లాలో వంతెనలు కట్టే ఇంజనీర్లందరినీ తయారుచేసింది నేనే. నా వెలుతురు ఎంతటిదంటే, ఓ సాయంత్రం కిటికీలోంచి బయటపడితే కొంగలు తెల్లారిందనుకుని మళ్ళీ మేతకు బయల్దేరాయి.

అంతా కోతలే లెండి. కర్టెన్ వెయ్యకపోతే నా బొమ్మ పాలల్లో ముంచి తీసినట్టుంటుంది. ఇంజనీర్లను తయారుచేసింది పోలినాయుడు మాస్టారు.

నేను పుట్టిన ఊరి పేరు అట్టపెట్టె మీద ఉండేది, దాన్ని పారేశారు. వచ్చిన కొత్తలో ఛైర్మన్ గారింటి పెళ్ళికి తీసుకెళ్ళి, దుప్పటి మీద పెళ్ళికూతురి బొమ్మలు వేయించారు. చదువు సంధ్యలు ఆ తర్వాతే.

మాస్టారి గొంతులో పుండు లేచింది. ఆపరేషన్ చేస్తే మాట పోతుందన్నారు డాక్టర్లు. సెలవు పెట్టేముందు ఆయన ఖాళీ గదిలో ఫోను నిలబెట్టి పాఠాలన్నీ వీడియో తీసుకున్నారు. బెంచీలు చూడందే ఆయనకు మాట రాదు. ఖాళీ బెంచీలనే "అర్థమైందా?" అని అడిగి, జవాబు కోసం ఆగేవారు. ఓసారి ఆఖరి బెంచీని గదిమారు కూడా: "ఢిల్లేశూ, నిద్దరోతన్నావేటి?"

తిరిగొచ్చారు, మాట లేకుండా. నేను వీడియో వేస్తుంటే పక్కన చాక్‌పీసుతో నిలబడేవారు. ఆ గదమాయింపు వచ్చిన రోజు ఢిల్లేశ్వరరావు నిజంగానే నిద్రలోంచి లేచి, "నేదు సార్, వింతన్నాను" అన్నాడు. క్లాసంతా నవ్వింది. మాస్టారూ నవ్వారు, భుజాలు కదిలాయి, చప్పుడు రాలేదు.

ప్రిన్సిపాల్ చెడ్డమనిషి కాదు. "మాస్టారూ, రేపు మీ క్లాసులో కూర్చుంటాను. పిల్లలకు మీతో పని పడితే ఉండండి. వీడియో ఒక్కటే చాలితే మిమ్మల్నెందుకు కష్టపెట్టడం?" అన్నారు.

మర్నాడు వచ్చి వెనక కూర్చున్నారు. దూలం పాఠం నడుస్తోంది. తెర మీది మాస్టారు "అర్థమైందా? డౌటుంటే అడగండి" అని ఆగారు. అసలు మాస్టారు చాక్‌పీసు పట్టుకుని పిల్లల మొహాలు చూస్తున్నారు. ఢిల్లేశు లేచి, తెరను వదిలి ఆయన వైపు తిరిగి, "దూలం మద్దెలోనే ఎందుకెక్కువ ఒంగుతాది సార్?" అన్నాడు. మాస్టారు బోర్డు నిండా బొమ్మ గీసి చూపించారు.

ఆ ప్రశ్న నేను కల్పించింది. ఎవరూ ఏమీ అడగలేదు. మాస్టారి ఉద్యోగం ఆ రోజే తేలుతుందని పిల్లలకు తెలుసు, ఎలా తేలుస్తారో తెలీదు. పెద్దవాళ్ళు తనిఖీకి వస్తే మాస్టారి పరువు నిలబెట్టడం వాళ్ళకు చిన్న బడి నుంచీ ఉన్న అలవాటు. ముందే కూడబలుక్కుని, ఢిల్లేశుతో సహా అందరూ తెర వైపు చూస్తూ ఒక్క గొంతుతో అన్నారు: "అర్థమైంది సార్."

తెర మీది మాస్టారు "మంచిది" అని పాఠం సాగించారు. అసలు మాస్టారు చాక్‌పీసును డబ్బాలో పెట్టేశారు.